యానుషావు భూస్వామి, ష్మెంట్సీన్ భూస్వామి

1910 జనవరి 29న జర్మనీ పార్లమెంటు రైష్‌స్టాగ్‌లో తూర్పు ప్రాంతపు భూస్వామి ఒకాయన లేచి మాట్లాడాడు. ప్రష్యాకు రాజు, జర్మనీకి చక్రవర్తి అయిన మనిషి ఏ క్షణాన తలచుకున్నా ఒక లెఫ్టినెంటును పిలిచి, పదిమంది జవాన్లతో వెళ్లి ఈ రైష్‌స్టాగ్‌ను మూసేసి రమ్మనగలగాలి అన్నాడు. సభ అట్టుడికిపోయింది. దేశమంతా పత్రికలు ఆ మాటనే చర్చించాయి. ఆయన మాత్రం చివరిదాకా దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆ మాటతోనే ఆయన పేరు చరిత్రలో మిగిలింది. ఆయన ఎలార్డ్ ఫాన్ ఓల్డెన్‌బుర్గ్-యానుషావు.

ముప్పై అయిదేళ్లు గడిచాయి. 1945 తొలి నెలల్లో అదే బెర్లిన్‌లో, నాజీలు ప్రజాన్యాయస్థానమని పేరు పెట్టుకున్న కోర్టు ముందు మరో తూర్పు భూస్వామి నిలబడ్డాడు. హిట్లర్‌నూ అతని సిద్ధాంతాన్నీ తాను మొదటినుంచీ ఎదిరిస్తున్నాననీ, ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదనీ, అది తనకు దేవుడు విధించిన ధర్మమనీ చెప్పాడు. కోర్టు మరణశిక్ష వేసింది. 1945 ఏప్రిల్ 9న ప్లోట్సెన్జే జైల్లో ఆయన తల తీశారు. ఆయన ఎవాల్ట్ ఫాన్ క్లైస్ట్-ష్మెంట్సీన్.

ఇద్దరూ యుంకర్లే. ఇద్దరూ ప్రొటెస్టెంటు క్రైస్తవులు, రాచరికాన్ని నమ్మినవారు, ఎన్నికల రాజకీయాన్ని ఈసడించినవారు. వైమర్ రిపబ్లిక్ కాలంలో ఇద్దరిదీ ఒకటే పార్టీ, జర్మన్ నేషనల్ పీపుల్స్ పార్టీ. 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కే ఘడియ వచ్చేసరికి ఒకరు తలుపు తీసిన గుంపులో ఉన్నారు, మరొకరు ఆ తలుపుకు అడ్డం నిలబడ్డారు. ఎందుకు? యుంకర్లందరూ నాజీలకు తోడుపోయినవారే అని ఒక వాదం ఉంది. యుంకర్ల నుంచే హిట్లర్‌ను చంపబోయిన వీరులు పుట్టారని దానికి ఎదురు వాదం ఉంది. ఈ ఇద్దరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రెండు వాదాలూ చాలవని నాకు అనిపిస్తుంది.

యుంకర్ అనగానే తెలుగు పాఠకుడికి జమీందారు గుర్తొస్తాడు. ఆ పోలిక కొంతవరకే నిలుస్తుంది. మన జమీందారు ప్రధానంగా శిస్తు వసూలు చేసేవాడు; సేద్యం రైతుది. ఎల్బే నదికి తూర్పున ఉన్న ప్రష్యన్ భూస్వామి తన వందల హెక్టార్ల కమతాన్ని తానే దగ్గరుండి సాగు చేయించేవాడు. రై ధాన్యం, బంగాళాదుంప, చక్కెర దుంప, అడవి, పశువులు, చాలాచోట్ల ఒక సారా బట్టీ కూడా ఆయనవే. కూలీలు ఆయన కట్టించిన ఇళ్లలో, ఆయన ఇచ్చే ధాన్యంతో బతికేవారు. ఎస్టేటు పరిధి స్థానిక పాలనలోనూ ఒక ప్రత్యేక విభాగం. అక్కడ పోలీసు అధికారం కూడా ఆ దొరదే. ఇళ్లలో పనివాళ్లను కట్టిపడేసిన పాత చట్టాలు 1918 నవంబరు విప్లవంతో గానీ పోలేదు. ఎస్టేటు పరిధుల ప్రత్యేక హోదాను ప్రష్యా ప్రభుత్వం 1927లో గానీ తీసివేయలేకపోయింది. దీనికి తోడు ప్రష్యా శాసనసభకు మూడు తరగతుల ఓటు పద్ధతి ఒకటి. కట్టే పన్నును బట్టి ఓటర్లను మూడు గుంపులు చేసి, గుప్పెడుమంది ధనికుల గుంపుకూ లక్షలాది పేదల గుంపుకూ సమానమైన బలం ఇచ్చేవారు. పైగా ఓటు బహిరంగంగా వేయాలి. దొర చూస్తుండగా కూలీ ఓటు వేసే ఏర్పాటన్న మాట. ఇది 1849 నుంచి 1918 వరకు నడిచింది.

ఓల్డెన్‌బుర్గ్ ఈ ఏర్పాటు బలంగా ఉన్న రోజుల మనిషి. 1855 మార్చి 20న తూర్పు ప్రష్యాలోని బైస్‌లైడెన్‌లో పుట్టాడు. ఉలాన్ అశ్వికదళంలో అధికారిగా పనిచేసి, యానుషావు ఎస్టేటు చూసుకోవడానికి ఇంటికి తిరిగి వచ్చాడు. 1890లలో ఛాన్సలర్ కాప్రివి ఇతర దేశాలతో వాణిజ్య ఒప్పందాలు చేసుకుని ధాన్యం మీద దిగుమతి సుంకం తగ్గించాడు. రష్యా, అమెరికా ధాన్యం చౌకగా వచ్చి పడుతుంటే యుంకర్ల రై గింజకు ధర పడిపోయింది. 1893లో భూస్వాములు రైతు సమాఖ్య పేరుతో ఒక పెద్ద సంఘం పెట్టుకున్నారు. పేరులో రైతు ఉన్నాడు గానీ పగ్గాలు పెద్ద భూస్వాముల చేతుల్లోనే ఉండేవి. పశ్చిమ ప్రష్యాలో ఆ సంఘానికి నాయకుడు ఓల్డెన్‌బుర్గ్. 1901లో ప్రష్యా శాసనసభకు, 1902లో రైష్‌స్టాగ్‌కు వెళ్లాడు.

ఆయన మాటకారి. ప్రత్యర్థులు కూడా ఆయన ప్రసంగాన్ని వినడానికి ఆగేవారు. మొరటు హాస్యం, పల్లె నుడికారం, గుర్రాల భాష, సైన్యం భాష కలిపి మాట్లాడేవాడు. విమర్శకుడు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇలాంటి నాయకుడిని చూస్తే నవ్వొస్తుంది, ఆ నవ్వులో ఆయన అన్న మాట తేలికైపోతుంది. లెఫ్టినెంటు, పదిమంది జవాన్లు అన్న మాటను కూడా ఎంతోమంది ఒక పాతకాలపు దొర చేసిన చమత్కారంగా తీసుకున్నారు. దాని అర్థం మాత్రం స్పష్టం. ప్రజలు ఎన్నుకున్న సభ ఉండవచ్చు, మాట్లాడవచ్చు, కానీ అది రాజు దయ మీదే నడవాలి. అదే సంవత్సరం మూడు తరగతుల ఓటును కాస్త సవరిద్దామని ఛాన్సలర్ బేట్మాన్-హోల్వెగ్ చేసిన చిన్న ప్రయత్నం కూడా ముందుకు సాగలేదు. 1912 ఎన్నికల్లో ప్రజలు తమ జవాబు చెప్పారు. సోషల్ డెమొక్రాట్లు 110 స్థానాలతో రైష్‌స్టాగ్‌లో అతిపెద్ద పార్టీ అయ్యారు. ఓల్డెన్‌బుర్గ్ ఆ కొత్త సభలో లేడు. మళ్లీ 1930లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, తాను మూసేయాలన్న ఆ సభకే సభ్యుడిగా తిరిగి వెళ్లాడు.

క్లైస్ట్ ఆయనకన్నా ముప్పై అయిదేళ్లు చిన్న. 1890 మార్చి 22న పొమరేనియాలోని గ్రోస్ దుబ్బెరోవ్‌లో పుట్టాడు. క్లైస్ట్‌లది ప్రష్యాలో తరతరాలుగా సైన్యాధికారులను ఇచ్చిన వంశం. కవి, నాటకకర్త హైన్రిష్ ఫాన్ క్లైస్ట్ ఆ వంశంవాడే. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ తరఫున సేనలు నడిపిన ఫీల్డ్ మార్షల్ ఎవాల్ట్ ఫాన్ క్లైస్ట్ కూడా ఆ వంశంవాడే. పేరు ఒకటే కావడంతో చాలామంది ఇద్దరినీ కలిపేస్తుంటారు, అది పెద్ద అన్యాయం. మన క్లైస్ట్ న్యాయశాస్త్రం చదివి, ష్మెంట్సీన్ ఎస్టేటు చూసుకుంటూ రాజకీయాల్లోకి వచ్చాడు. రిపబ్లిక్‌ను ఆయన ఏనాడూ తన ప్రభుత్వంగా ఒప్పుకోలేదు. 1918లో రాజును దించినవారికి పాలించే హక్కు లేదన్నది ఆయన గట్టి నమ్మకం. 1929 నుంచి ప్రష్యా సంప్రదాయవాదుల ప్రధాన సంఘానికి ఆయన నాయకుడు. చిన్న సంఘమే, కానీ పాత యుంకర్ కుటుంబాల గొంతు అది.

ఇంతవరకూ చూస్తే ఇద్దరి మధ్యా తేడా వయసు ఒక్కటే. పార్లమెంటు అంటే ఇద్దరికీ పడదు. సోషలిస్టులంటే ఇద్దరికీ పగ. ఎస్టేటు మీద దొర అధికారం సహజమని ఇద్దరూ నమ్మారు. క్లైస్ట్‌ను వీరుడిగా చూపే రచనలు ఈ భాగాన్ని త్వరగా దాటేస్తాయి. దాటేయకూడదు. 1932లో హిట్లర్‌ను ఆపగలిగే శక్తి ఏదన్నా ఉంటే అది రాజ్యాంగాన్ని కాపాడాలనుకున్న పార్టీల్లోనే ఉంది. వారిలో ఒక్కరితోనూ కలవడం క్లైస్ట్‌కు ఇష్టం లేదు.

తేడా ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి ఇద్దరి రాతలూ పనికొస్తాయి. క్లైస్ట్ 1932లో ఒక చిన్న పుస్తకం వేశాడు. నేషనల్ సోషలిజం ఒక ప్రమాదం అన్నదే దాని శీర్షిక. ఓల్డెన్‌బుర్గ్ 1936లో తన జ్ఞాపకాలను లైప్‌జిగ్‌లో అచ్చు వేయించాడు. ఒకటి హిట్లర్ రాకముందు రాసిన హెచ్చరిక, రెండోది హిట్లర్ వచ్చి మూడేళ్లయ్యాక వచ్చిన ఆత్మకథ. ఆ నాలుగేళ్ల వ్యత్యాసాన్ని మనసులో పెట్టుకుని చదవాలి.

క్లైస్ట్ పుస్తకంలో ఆర్భాటం లేదు. వకీలు వాదించినట్టుగా సాగుతుంది. నాజీ సిద్ధాంతంలో జాతి అన్నింటికన్నా పైన ఉంది. అంటే దేవుని ఆజ్ఞ కూడా జాతికి లోబడాలి. నిజమైన క్రైస్తవుడు దీన్ని ఎలా ఒప్పుకుంటాడు అన్నది మొదటి అభియోగం. ఆ పార్టీ ఆర్థిక కార్యక్రమం సోషలిస్టులకు దగ్గరగా ఉందనీ, ఆస్తిని గౌరవించదనీ రెండోది. జనాన్ని అబద్ధాలతో, ద్వేషంతో రెచ్చగొట్టడమే దాని పద్ధతి గనుక సంప్రదాయవాదులకూ దానికీ మధ్య సంధి సాధ్యం కాదన్నది మూడోది. ఈ మూడింటిలో రెండోది నాకు బలహీనంగా తోస్తుంది. అధికారానికి వచ్చాక హిట్లర్ పెద్ద ఆస్తులతో ఎంత సఖ్యంగా ఉన్నాడో మనకు తెలుసు. మొదటిది మాత్రం పుస్తకానికి ప్రాణం. రాజ్యానికీ జాతికీ పైన ఒక నీతి ఉందని, దాని ముందు రాజు కూడా చేతులు కట్టుకోవాలని నమ్మినవాడి వాదన అది. యూదుల మీద జరగబోయే దారుణం గురించి ఆ పుస్తకం సూటిగా నిలబడి మాట్లాడిందని చెప్పలేం. కానీ జాతిని దేవుడి స్థానంలో కూర్చోబెట్టినవాళ్లు ఎంతకైనా తెగిస్తారన్న భయం దాని వాదనలో అంతర్లీనంగా ఉంది.

ఓల్డెన్‌బుర్గ్ జ్ఞాపకాల రుచి వేరు. గుర్రాలు, వేట, రెజిమెంటు రోజులు, చక్రవర్తితో చనువు, రైష్‌స్టాగ్‌లో వాగ్యుద్ధాలు, హిండెన్‌బర్గ్‌తో స్నేహం. కథ చెప్పడం ఆయనకు తెలుసు. తన లోకం మీద ఆయనకున్న ప్రేమ నిజమైనదే. ఒక పరాజిత వర్గం గొంతును దాని సొంత భాషలో వినాలనుకునేవారికి అది విలువైన పుస్తకం. అయితే 1936 నాటికి యూదుల పౌరసత్వాన్ని న్యూరెంబర్గ్ చట్టాలు తీసేసి ఏడాది కావస్తోంది; 1934 జూన్ 30న హిట్లర్ మనుషులు ఓల్డెన్‌బుర్గ్ వర్గానికే చెందిన పెద్దలను, మాజీ ఛాన్సలర్ జనరల్ ష్లైషర్‌ను ఆయన ఇంట్లోనే భార్యతో సహా కాల్చి చంపి రెండేళ్లయింది. అలాంటి కాలంలో హాయిగా వేట కథలు చెప్పుకున్న ఆత్మకథను దాని శైలి అందం చూసి మెచ్చుకుని వదిలేయడం విమర్శ ధర్మం కాదు. తాను ఎవరిని గద్దె మీదకు రానిచ్చాడో, వచ్చినవాడు ఏం చేశాడో నిలదీసుకునే పుస్తకం అది కాదు.

ఇక్కడ నోయ్‌డెక్ ప్రస్తావన తేక తప్పదు. ఈ ఇద్దరి కథలోనూ, జర్మనీ కథలోనూ అది కీలకమైన చోటు. నోయ్‌డెక్ హిండెన్‌బర్గ్ కుటుంబానికి చెందిన పాత ఎస్టేటు, అప్పటికి చేయి జారే స్థితిలో ఉంది. యానుషావుకు పొరుగూరు. 1927 అక్టోబరులో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌కు ఎనభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా పారిశ్రామికవేత్తల నుంచీ భూస్వాముల నుంచీ చందాలు పోగుచేసి ఆ ఎస్టేటును ఆయనకు కానుకగా ఇప్పించాలన్న పథకం వెనుక ఉన్నవాడు ఓల్డెన్‌బుర్గ్. ఎస్టేటును అధ్యక్షుడి పేరున కాక కొడుకు ఆస్కార్ పేరున రిజిస్టరు చేశారు. రేపు వారసత్వ పన్ను కట్టే పని లేకుండా. దేశాధ్యక్షుడు ఒక్కసారిగా తూర్పు భూస్వాముల్లో ఒకడైపోయాడు. సెలవులకు అక్కడికి వెళితే ఆయన్ను చూడవచ్చేవాళ్లందరూ పొరుగు దొరలే. ఓల్డెన్‌బుర్గ్ పాత స్నేహితుడి హోదాలో ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ గుమ్మం తొక్కగలిగేవాడు. లంచం అన్న మాట ఇక్కడ సరిపోదు. ఒక మనిషిని తమ లోకంలోకి లాక్కుని, ఆ లోకం కళ్లతోనే దేశాన్ని చూసేలా చేయడం లంచం కన్నా లోతుగా పనిచేస్తుంది.

దాని ఫలితం 1932 మేలో బయటపడింది. ఆర్థిక మాంద్యంలో తూర్పు ఎస్టేట్లు అప్పుల్లో మునిగాయి. వాటిని ఆదుకోవడానికి తూర్పు సహాయం పేరిట ప్రభుత్వ సొమ్ము కుమ్మరిస్తూ వచ్చారు. ఇక నిలబడలేవని తేలిన ఎస్టేట్లను ప్రభుత్వం తీసుకుని భూమి లేని రైతులకు పంచాలని ఛాన్సలర్ బ్రూనింగ్ ప్రభుత్వం ఒక ముసాయిదా తయారు చేసింది. ఆ పని చూస్తున్న కమిషనర్ ష్లాంగె-షోనింగెన్ స్వయంగా పొమరేనియా భూస్వామే. భూస్వాముల సంఘాలు దీన్ని వ్యవసాయ బోల్షెవిజం అని తిట్టిపోశాయి. నోయ్‌డెక్‌లో సెలవులో ఉన్న అధ్యక్షుడి చెవిలో ఆ మాట పడింది. మే 30న బ్రూనింగ్ పదవి పోయింది. బ్రూనింగ్ పతనానికి కారణాలు ఇంకా ఉన్నాయి, జనరల్ ష్లైషర్ ఎత్తుగడలు వాటిలో ముఖ్యమైనవి. కానీ దివాళా తీసిన కమతాన్ని కూలీకి ఇవ్వడం కన్నా ఛాన్సలర్‌ను దించడమే మేలని భూస్వామి వర్గం ఎంచుకుందన్నది నిజం. ఓల్డెన్‌బుర్గ్ ఆ వర్గపు గొంతు.

రెండు నెలలు తిరగకముందే, జూలై 20న, కొత్త ఛాన్సలర్ పాపెన్ అత్యవసర ఉత్తర్వుతో ప్రష్యాలో సోషల్ డెమొక్రాట్ల నాయకత్వంలోని ప్రభుత్వాన్ని తీసివేశాడు. బెర్లిన్‌ను సైన్యానికి అప్పజెప్పారు. 1910లో ఓల్డెన్‌బుర్గ్ అడిగింది ఇదే. అప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు చూశారు.

జూలై 31న రైష్‌స్టాగ్ ఎన్నికల్లో నాజీలకు దేశం మొత్తం మీద 37 శాతం ఓట్లు వస్తే, పొమరేనియాలోనూ తూర్పు ప్రష్యాలోనూ సగానికి దగ్గరగా వచ్చాయి. క్లైస్ట్ పుస్తకం రాసింది ఇలాంటి గాలిలో. తన పల్లెల్లో, తన చర్చిలో, తన కులీనుల ఇళ్లలోనే ఆయన ఒంటరి. ఆయన వాదన వినే జనం ఆయనకు లేకపోవడం ప్రమాదవశాత్తూ జరగలేదు. తరతరాలుగా కూలీలకు ఓటు వేసే స్వేచ్ఛ ఇవ్వని వ్యవస్థ, సొంతంగా ఆలోచించే రాజకీయాన్ని ఆ పల్లెలకు నేర్పలేదు. దొర చెప్పినట్టు ఓటు వేయడం అలవాటైన ఊళ్లకు ఇంకా గట్టిగా అరిచే దొర దొరికాడు. ఈ మాట క్లైస్ట్‌ను గౌరవిస్తూనే అనాలి.

1933 జనవరి ఈ తులనకు మధ్య స్తంభం. తూర్పు సహాయం సొమ్మును భూస్వాములు ఎలా వాడుకున్నారో రైష్‌స్టాగ్ బడ్జెట్ కమిటీ విచారిస్తోంది. అప్పులు తీర్చుకోమని ఇచ్చిన డబ్బు విలాసాలకూ కొత్త ఎస్టేట్లు కొనడానికీ పోయిందన్న ఆరోపణలు పత్రికలకు ఎక్కాయి. ఓల్డెన్‌బుర్గ్ పేరూ అందులో వినిపించింది. అధ్యక్షుడి చుట్టూ ఉన్న ఆ వర్గానికి పార్లమెంటు నోరు మూయగల ప్రభుత్వం ఒకటి కావాల్సి వచ్చింది. హిట్లర్‌ను ఛాన్సలర్ చేయవచ్చని హిండెన్‌బర్గ్‌కు నచ్చజెప్పినవారిలో ఓల్డెన్‌బుర్గ్ ఒకడు.

క్లైస్ట్ అప్పుడు బెర్లిన్‌లోనే ఉండి పార్టీ నాయకుడు హూగెన్‌బర్గ్‌నూ, పాపెన్‌నూ కలిసి ఈ పని చేయవద్దని పోరాడుతున్నాడు. పాపెన్ అన్న ఆ పేరుమోసిన మాట క్లైస్ట్‌తోనే అన్నాడు. నీకెందుకు భయం, హిండెన్‌బర్గ్ నమ్మకం నాకుంది, రెండు నెలల్లో హిట్లర్‌ను మూలకు నొక్కి కీచుమనిపిస్తాం అని. జర్మన్ చరిత్ర పుస్తకాలన్నిటిలోనూ కనబడే ఈ మాటను మనదాకా తెచ్చింది క్లైస్ట్ సాక్ష్యమే. జనవరి 30న హిట్లర్ ప్రమాణం చేశాడు. మార్చి 23న రైష్‌స్టాగ్ తన శాసనాధికారాన్ని తానే హిట్లర్ చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆగస్టులో కొత్త ప్రభుత్వం నోయ్‌డెక్ ఎస్టేటుకు మరికొంత భూమి చేర్చి, పన్నులు లేకుండా చేసింది.

దీని తర్వాత ఇద్దరి కథలూ ఎంత దూరమైపోయాయంటే వాటిని ఒకే వ్యాసంలో ఉంచడం కష్టమనిపిస్తుంది. ఓల్డెన్‌బుర్గ్ తన ఎస్టేటులో ముసలితనం గడిపి, ఆత్మకథ అచ్చువేసి, 1937 ఆగస్టులో ఎనభై రెండో ఏట పోయాడు. అంతకు మించి చెప్పడానికి ఎక్కువ లేదు.

క్లైస్ట్ విషయంలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ష్మెంట్సీన్ భవనం మీద స్వస్తిక జెండా ఎగరేయనన్నాడు. హిట్లర్ సలాం చేయనన్నాడు. పార్టీ చందాలు ఇవ్వనన్నాడు. 1933లోనే రెండుసార్లు అరెస్టయ్యాడు. 1934 జూన్ 30 హత్యాకాండ రోజున చంపాల్సిన వారిలో ఆయనా ఉన్నాడు. బెర్లిన్‌లో ఎర్న్‌స్ట్ నీకిష్ ఇంట్లో దాక్కుని బయటపడ్డాడు. నీకిష్ వామపక్షం నుంచి వచ్చినవాడు, రిపబ్లిక్ విరోధి, రాజకీయంగా ఎవరి గాటనా కట్టడానికి వీల్లేని మనిషి. సోషలిస్టులతో కరచాలనమైనా చేయని ఒక యుంకర్‌కు ప్రాణభిక్ష అలాంటి ఇంట్లో దొరికింది. ఆ రోజుల్లోనే క్లైస్ట్, ఇక ముందు జనం ఎవరినైనా నిందించాలంటే జర్మన్ ఉద్యోగిలా వ్యక్తిత్వం లేనివాడు, ప్రొటెస్టెంటు పాస్టర్‌లా దైవం లేనివాడు, ప్రష్యన్ సైన్యాధికారిలా పరువు లేనివాడు అంటారని స్నేహితులతో అన్నాడని, వారిలో ఒకడైన ఫాబియన్ ఫాన్ ష్లాబ్రెన్‌డోర్ఫ్ చెప్పాడు. ఆ మూడు తిట్లూ తన సొంత లోకం మీదే. తన వర్గాన్ని ఇంత కఠినంగా తూచిన వాక్యం ఆ వర్గంవాడి నోట మరొకటి వినలేదు నేను.

1938 ఆగస్టు ఆయన జీవితంలో పెద్ద ఘట్టం. హిట్లర్ చెకోస్లొవేకియా మీద పడబోతున్నాడు. సైన్యాధిపతుల్లో బెక్, గూఢచార విభాగంలో కానరిస్ యుద్ధాన్ని ఆపాలని చూస్తున్నారు. చెకోస్లొవేకియా కోసం ఇంగ్లండు యుద్ధం చేస్తుందని గట్టి రుజువు తెస్తే ఈ ప్రభుత్వాన్ని కూలదోస్తామని బెక్ క్లైస్ట్‌కు చెప్పాడు. ఆగస్టు 18న క్లైస్ట్ లండన్‌లో దిగాడు. విదేశాంగ శాఖ సలహాదారు వాన్సిటార్ట్‌ను కలిసి జర్మనీలో అసలు యుద్ధోన్మాది ఒక్కడే ఉన్నాడనీ, వాడు హిట్లరేననీ, సైన్యాధిపతులందరూ యుద్ధానికి వ్యతిరేకులేననీ చెప్పాడు. మరునాడు చార్ట్‌వెల్‌లో చర్చిల్‌ను కలిశాడు. చర్చిల్ అప్పుడు పదవిలో లేడు. అయినా సరిహద్దు దాటితే ప్రపంచ యుద్ధం తప్పదన్న అభిప్రాయంతో ఒక ఉత్తరం రాసిచ్చాడు. ప్రధాని చాంబర్లేన్ మాత్రం వాన్సిటార్ట్ నివేదిక చదివి, ఈ మనుషులు విలియం రాజు కాలంలో ఫ్రాన్స్ దర్బారులో తలదాచుకుని కుట్రలు పన్నిన జాకొబైట్లను గుర్తుచేస్తున్నారనీ, వారి మాటల్లో చాలా తగ్గించుకుని తీసుకోవాలనీ విదేశాంగ మంత్రి హాలిఫాక్స్‌కు రాశాడు. సెప్టెంబరు చివర్లో మ్యూనిక్ ఒప్పందం అయింది.

చాంబర్లేన్ అనుమానానికి ఆధారం లేకపోలేదు. వచ్చినవాడు ప్రజాస్వామ్యవాది కాదు. తూర్పు ప్రష్యాను మిగతా జర్మనీ నుంచి విడదీసిన పోలిష్ కారిడార్ సమస్య కూడా ఆయన చర్చిల్ ముందు పెట్టాడు. తూర్పు భూస్వామికి ఆ సరిహద్దు పచ్చి గాయం. హిట్లర్ పోతే వచ్చేది ఎలాంటి జర్మనీ అని లండన్ అడిగి ఉండవలసిందే. అయితే ఆ ప్రశ్న అడగడానికి బదులు చాంబర్లేన్ ప్రయాణీకుణ్ణి తోసిపుచ్చాడు. పట్టుబడితే ఉరే అని తెలిసి కూడా సముద్రం దాటి వచ్చిన మనిషి ఆయన.

1944 జనవరిలో క్లైస్ట్ కొడుకు, ఇరవై ఒకటేళ్ల లెఫ్టినెంట్ ఎవాల్ట్-హైన్రిష్, తండ్రి దగ్గరికి వచ్చాడు. కొత్త యూనిఫారాల ప్రదర్శనలో హిట్లర్ పక్కన నిలబడి బాంబు పేల్చి తానూ చావమని, హిట్లర్‌ను చంపే కుట్ర నడుపుతున్న సైన్యాధికారి ష్టౌఫెన్‌బర్గ్ అడిగాడు. కొడుకు ఆ పని చేయాలా వద్దా అని తండ్రిని అడిగాడు. చేయాల్సిందే, ఇలాంటి క్షణాన్ని జారవిడిచిన మనిషి మళ్లీ బతుకులో సుఖంగా ఉండలేడని తండ్రి చెప్పాడు. ఆ ప్రదర్శన జరగలేదు గనుక కొడుకు బతికాడు. ఆ జవాబు తండ్రిగా ఆయనకు ఎంత బరువో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు. 1910లో ఒక యుంకర్ లెఫ్టినెంటును పిలిచి పార్లమెంటును మూయించాలన్నాడు. 1944లో మరో యుంకర్ తన కన్నకొడుకైన లెఫ్టినెంటును నియంత మీదికి పంపడానికి సిద్ధపడ్డాడు. ఈ రెండు సన్నివేశాలను పక్కపక్కన పెట్టి చూశాకే నాకు తేడా తెలిసింది.

ఓల్డెన్‌బుర్గ్‌కు రాజు, దేవుడు, భూమి మూడూ ఒకటే. రాజు ఆజ్ఞే ధర్మం, ఎస్టేటు నిలబడితే ధర్మం నిలబడినట్టే. అందువల్ల రాజు పోయి ఎస్టేటు అప్పులపాలైన రోజున ఆయన చేతిలో మిగిలింది ఎస్టేటు ఒక్కటే. దాన్ని కాపాడతామన్నవారు ఎవరైనా సరే అనిపించింది. క్లైస్ట్ ఆ మూడింటినీ వేరుచేసి, వాటిలో దేవుణ్ణి మిగతా రెండిటికీ పైన ఉంచాడు. రాజు లేకపోయినా, ఎస్టేటు పోయినా, కొడుకు పోయినా లోబడాల్సిన ధర్మం ఒకటి ఆయనకు మిగిలింది. ఇద్దరి సంప్రదాయవాదమూ పేరుకే ఒకటి. నా లెక్కలో వయసు తేడా దీన్ని వివరించదు. ఓల్డెన్‌బుర్గ్ తరంలోనూ హిట్లర్‌ను ఒప్పుకోనివారు ఉన్నారు, క్లైస్ట్ తరంలో ఒప్పుకున్నవారు వేలకు వేలు.

అలాగని క్లైస్ట్‌ను పూర్తిగా గెలిపించి ముగించలేను. ఓల్డెన్‌బుర్గ్ మాటల్లోని విషాన్ని క్లైస్ట్ కూడా ఒకప్పుడు పంచిపెట్టాడు. రిపబ్లిక్‌కు పాలించే హక్కు లేదని పదేళ్లపాటు చెప్పినవారిలో ఆయన ఉన్నాడు. ఆ ప్రచారం పునాదిని తవ్వకపోతే గుప్పెడుమంది దొరలు నోయ్‌డెక్‌లో కూర్చుని దేశాన్ని అప్పగించగలిగేవారు కాదు. ఆయన సాహసం ఆయన ఒక్కడిదే. ఆయన రాజకీయం మాత్రం ఆ సాహసానికి తోడు నిలవగల జనాన్ని సిద్ధం చేయలేదు. చివరికి పిడికెడుమంది అధికారుల బాంబు మీద దేశ భవిష్యత్తు ఆధారపడింది.

1944 జూలై 20న ఆ బాంబు పేలింది గానీ హిట్లర్ చావలేదు. తిరుగుబాటు గెలిస్తే ష్టెట్టీన్ సైనిక మండలంలో రాజకీయ ప్రతినిధిగా ఉండాల్సినవాడు క్లైస్ట్. మరునాడే అరెస్టు చేశారు. చర్చిల్ రాసిన ఉత్తరం ఆయన ఇంట్లో దొరికి కోర్టులో సాక్ష్యమైంది. విచారణల మధ్యలో ఫిబ్రవరి 3న అమెరికన్ వైమానిక దాడిలో న్యాయాధిపతి ఫ్రైస్లర్ చనిపోయాడు; న్యాయస్థానం మరొకరితో పని సాగించింది. క్లైస్ట్ తల తీసిన ఏప్రిల్ 9నే వేర్వేరు శిబిరాల్లో కానరిస్, పాస్టర్ బోన్‌హోఫర్, 1939లో హిట్లర్‌ను చంపాలని ఒంటరిగా బాంబు పెట్టిన వడ్రంగి గేయోర్గ్ ఎల్సర్ ప్రాణాలు తీశారు. ఎల్సర్‌కు ఎస్టేటు లేదు, వంశం లేదు, సైన్యాధిపతులతో పరిచయం లేదు. క్లైస్ట్ 1932లో అందుకోలేకపోయిన మనుషులు ఎల్సర్ లాంటివారే.

క్లైస్ట్ జీవితచరిత్రను బోడో షోయ్‌రిగ్ 1968లో రాశాడు. 1932 నాటి ఆ చిన్న పుస్తకాన్ని తెలుగులో చదువుకునే అవకాశం మనకు ఉండాలి. జర్మన్ వచ్చిన తెలుగువారు విశ్వవిద్యాలయాల్లోనూ, జర్మనీ నగరాల్లోనూ ఇప్పుడు బాగానే ఉన్నారు. వారిలో ఎవరైనా దాన్ని అనువదించి, ఓల్డెన్‌బుర్గ్ 1910 ప్రసంగాన్ని కూడా పక్కనే వేస్తే, ఈ ఇద్దరి మీద నేను ఇచ్చిన తీర్పు సరైనదో కాదో పాఠకులే తేల్చుకోవచ్చు. ఆ పనికి పూనుకోమని వారిని కోరుతున్నాను.